గుర్రాల బేరం: ఆఫ్రికా తీరం నుండి పెనుకొండ దాకా

హైదరాబాదు నుండి బెంగుళూరు పోయే పెద్ద రహదారి పెనుకొండ సమీపంలో ఎర్రమంచి గ్రామం పక్కగా పోతుంది. 2019 నుండి అక్కడ మోటారు కార్లు తయారవుతున్నవి. ఏడాదికి సుమారు మూడు లక్షల కార్లు చేయగల కర్మాగారం అది. ఆ కార్ల ఇంజను బలం ఎంతో చెప్పవలసి వచ్చినప్పుడు నేటికీ ‘అశ్వశక్తి’ అనే మాటను వాడుతూనే ఉన్నారు. పద్దెనిమిదవ శతాబ్దంలో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రం ఎంత పని చేయగలదో కొనేవారికి తెలియజెప్పడానికి దానిని గుర్రం చేసే పనితో పోల్చి చూపినాడు. ఆ కొలత అట్లే నిలిచిపోయినది. నేటి లెక్కలో ఒక అశ్వశక్తి అంటే సుమారు 746 వాట్లు.

నాలుగున్నర శతాబ్దాల క్రితం ఇదే పెనుకొండ విజయనగర ప్రభువులకు రాజధాని. అప్పుడు అశ్వశక్తి అనేది కాగితం మీద లెక్క కాదు. నాలుగు కాళ్ల మీద నడిచి వచ్చే సరుకు. ఆ సరుకు ఈ నేలలో పండేది కాదు. అరబ్బు దేశం నుండి, పారశీకం నుండి ఓడ ఎక్కి, గోవాలోనో భట్కల్‌లోనో దిగి, కనుమలెక్కి రావలసినదే. 1510 తరువాత ఆ ఓడల దారిని తమ గుప్పిట పెట్టుకొని కూర్చున్నవారు పోర్చుగీసువారు. గుర్రాన్ని చూపి పరదేశపు రాజుతో బేరమాడే విద్యను వారు హిందూదేశంలో నేర్చుకోలేదు. అంతకు అరవై ఏండ్ల ముందే ఆఫ్రికా తీరంలో నేర్చుకొని వచ్చినారు. అందువలన కథను అక్కడి నుండి మొదలుపెట్టవలసి ఉన్నది.

పోర్చుగల్ చిన్న దేశం. దాని నావికులు 1434లో ఆఫ్రికా పడమటి తీరాన ఉన్న బొజదోర్ అగ్రాన్ని దాటినారు. అంతకుముందు ఆ అగ్రానికి ఆవల సముద్రం మరుగుతూ ఉంటుందనీ, పోయిన ఓడ తిరిగి రాదనీ నావికులు నమ్మేవారు. దాటి చూచిన తరువాత భయం పోయినది, దురాశ వచ్చినది. 1441లో తీరం మీద దొరికినవారిని పట్టి ఓడలో వేసుకొని పోయినారు. 1444 ఆగస్టులో పోర్చుగల్ దక్షిణ తీరాన ఉన్న లాగోస్ రేవులో 235 మంది బందీలను దింపి, వాటాలు వేసి పంచుకొన్నారు. ఆస్థాన చరిత్రకారుడు జురారా ఆ దృశ్యాన్ని వ్రాసి పెట్టినాడు. తల్లులను బిడ్డల నుండి, భర్తలను భార్యల నుండి విడదీసినప్పుడు లేచిన ఏడుపును గూర్చి వ్రాస్తూ అతడు కూడా చలించినట్లు కనబడుతుంది. అయితే ఆ పనిని తప్పు అనలేదు; రాజకుమారుడు హెన్రీని పొగడడానికే అతడు గ్రంథం వ్రాసినాడు.

కాని ఈ దోపిడీ ఎంతోకాలం సాగలేదు. 1446లో నూనో త్రిస్తావ్ అనే నాయకుడు దక్షిణంగా పోయి ఒక నదీముఖంలో పడవలు దింపగా, స్థానికులు దోనెలలో చుట్టుముట్టి విషపు బాణాలు వేసినారు. అతడూ, అతని వెంట పోయినవారిలో చాలామందీ చనిపోయినారు. అక్కడి జనులకు రాజులున్నారు, సేనలున్నవి, నదులలో వేగంగా పోయే దోనెలున్నవి. బలంతో లాక్కోవడం కన్న కొనుక్కోవడం చవక అని పోర్చుగీసువారికి తెలిసి వచ్చినది. ఆఫ్రికా వారిని నోరులేని అమాయకులుగా చూపే పాఠాలు పిల్లలకు చెప్పే అలవాటు ఎక్కడైనా మిగిలి ఉంటే, ఈ ఒక్క సంఘటన దానిని సరిదిద్దగలదు.

కొనడానికి ఏమి ఇయ్యాలి? సెనెగల్ నదీ ప్రాంతంలోని జొలోఫ్ రాజులకు గుర్రాలు కావలెను. 1455లో పోర్చుగీసువారి కొలువులో అక్కడికి పోయిన వెనిస్ నావికుడు కాదమోస్తో ఆ బేరం వివరాలు వ్రాసినాడు. జీను, కళ్లెం సహితంగా ఒక గుర్రానికి తొమ్మిది మొదలు పద్నాలుగు మంది మనుషులు. ఒక జంతువుకు పద్నాలుగు మంది! అయినా ఆ రాజుకు ఇది గిట్టుబాటుగానే తోచినది. ఎందువలన?

దీనికి సమాధానం చరిత్ర పుస్తకంలో కన్న జీవశాస్త్రంలో దొరుకుతుంది. ఆఫ్రికా మధ్యభాగంలో అడవులు, పొదలు ఉన్న విశాల ప్రాంతంలో ‘త్సేత్సే’ అనే ఈగ ఉన్నది. అది నెత్తురు పీల్చేటప్పుడు ట్రిపనోసోమ్ అనే ఏకకణ జీవిని పశువుల నెత్తురులోకి ఎక్కిస్తుంది. జ్వరం, నీరసం, రక్తహీనత, చివరకు చావు. పశువులకు వచ్చే ఈ జబ్బును ‘నగానా’ అంటారు. డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు 1890ల మధ్యలో జులూ దేశంలో పరిశోధించి, దీని కారణాన్ని కనుగొన్నాడు. ఈగ ఉన్న సీమలో గుర్రం ఎక్కువకాలం బ్రతకదు. ఈగ లేని ఉత్తరపు పచ్చిక బయళ్లలో బ్రతికినా, దక్షిణానికి దండెత్తిపోయిన ప్రతిసారీ చాలా గుర్రాలు పోతవి. పోయినవాటి స్థానంలో క్రొత్తవి కొనవలెను. కొనడానికి బందీలు కావలెను. బందీల కోసం మళ్లీ దండెత్తవలెను. దండెత్తడానికి గుర్రాలు కావలెను. ఒక ఈగ, ఒక జంతువు, ఒక వర్తకుడు కలిసి ఇటువంటి గానుగను తిప్పినవి. అందులో నలిగినవారు మనుషులు.

అయితే ఆఫ్రికా రాజులందరూ ఆ వలలో ఒకే విధంగా పడలేదు. 1482లో నేటి ఘనా తీరాన ఎల్మీనా అనేచోట కోట కట్టుకొంటామని డియోగో ద అజంబుజా వచ్చినప్పుడు, అక్కడి ప్రభువు కరమన్సా పట్టుబట్టలతో వచ్చిన ఆ అతిథిని మర్యాదగా చూచి, మెల్లగా ఒక మాట చెప్పినాడు: అప్పుడప్పుడు కలుసుకొనే స్నేహితుల నడుమ ప్రేమ నిలుస్తుంది, ఇరుగుపొరుగున కాపురముంటే తగాదాలు వస్తవి, కాబట్టి మునుపటివలెనే వస్తూపోతూ ఉండండి అని. ఆ మాటలో ఎంత దూరదృష్టి ఉన్నదో తరువాతి నాలుగు వందల ఏండ్లు చూపినవి. కోట మాత్రం కట్టనే కట్టినారు. కాంగో రాజ్యం దారి వేరు. 1483 ప్రాంతంలో డియోగో కావ్ ఆ నదీముఖం చేరినాడు. 1491లో అక్కడి రాజు క్రైస్తవం పుచ్చుకొన్నాడు. అతని కొడుకు అఫోన్సో పోర్చుగీసు చదివి, పోర్చుగల్ రాజును సోదరునిగా సంబోధిస్తూ జాబులు వ్రాసేవాడు. 1526లో అదే అఫోన్సో, మీ వర్తకులు మా ప్రజలను, చివరకు మా బంధువులను కూడా పట్టుకొని పోతున్నారు, దేశం ఖాళీ అవుతున్నది, మాకు ఉపాధ్యాయులను, వైద్యులను పంపండి చాలు అని వ్రాయవలసి వచ్చినది. ఆ మొర వలన వ్యాపారం ఆగలేదు.

1497 నవంబరులో వాస్కో డ గామా ఆఫ్రికా దక్షిణ కొనను చుట్టి నేటి మోసెల్ బే అనేచోట ఆగినాడు. అక్కడి ఖోయ్‌ఖోయ్ జనులు పశువుల కాపరులు. వారు పిల్లనగ్రోవులు ఊది నాట్యం చేసినారు. ఓడలవారూ బాకాలు ఊది ఎగిరినారు. మూడు కడియాలకు ఒక ఎద్దును కొన్నారు. ఇంతవరకు బాగున్నది. తరువాత మంచినీళ్ల దగ్గర పేచీ వచ్చినది. అడగకుండా నీళ్లు తోడుకొంటున్నారని కాపరులకు కోపం. ఎండదేశంలో నీటి విలువ అనంతపురం సీమవారికి వేరే చెప్పనక్కరలేదు. ఓడ మీది నుండి ఫిరంగులు పేల్చి వారిని బెదరగొట్టినారు. గామా తన రాకకు గుర్తుగా నిలిపిన శిలాస్తంభాన్ని, కొయ్య సిలువను, ఓడలు తెరచాపలెత్తి పోతుండగానే ఆ జనులు పడగొట్టినారు. 1498 ఏప్రిల్‌లో తూర్పుతీరపు మలిందీ రేవులో దారి తెలిసిన మాలిమి దొరికినాడు. అతడు గుజరాతీ అని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. అతడు చూపిన దారిన, నైరుతి ఋతుపవనపు తొలి గాలులలో సముద్రం దాటి, మే 20న కాలికట్ దగ్గర లంగరు వేసినారు.

కాలికట్‌లో వింత జరిగినది. గామా సామూతిరి రాజుకు ఇయ్యడానికి తీసిన కానుకలు చారల గుడ్డలు, టోపీలు, పగడాల దండలు, చేతులు కడుగుకొనే పళ్లేలు, కొంచెం చక్కెర, నూనె, తేనె. రాజోద్యోగులు వాటిని చూచి నవ్వినారు. మక్కా నుండి వచ్చే బీద వర్తకుడు కూడ ఇంతకన్న మంచివి తెస్తాడన్నారు. ఆఫ్రికాలో చెల్లిన పూసలు, కడియాలు ఇక్కడ చెల్లవు. మిరియాలకు ఇక్కడివారు బంగారం అడుగుతారు. ఐరోపాలో తయారై ఇక్కడివారు ఎగబడి కొనే సరుకు ఆనాడు పోర్చుగీసువారి దగ్గర ఏదీ లేదు. కొద్ది ఏండ్లలోనే వారికి తెలిసినది: ఈ దేశపు రాజులు దేనికైతే కళ్లు మూసుకొని బంగారం పోస్తారో అది ఐరోపా సరుకే కాదు, హోర్ముజ్ రేవు నుండి వచ్చే గుర్రం. తయారు చేయనక్కరలేదు, దారి కాస్తే చాలు.

దక్షిణదేశంలో గుర్రం ఎందుకు పెరగదు? పదమూడవ శతాబ్దంలో తమిళ తీరానికి వచ్చిన మార్కో పోలో, ఇక్కడి రాజులు ఏటా వేలకొద్దీ గుర్రాలు కొంటారనీ, సాకడం తెలియక అందులో చాలా చనిపోతవనీ, మంచి జాతి ఆడగుర్రానికి కూడ ఇక్కడ వంకర కాళ్ల పిల్లే పుడుతుందనీ వ్రాసినాడు. అతడు వ్రాసినదంతా అక్షరాలా నమ్మనక్కరలేదు. ఆ గుర్రాలను అమ్ముకొనేవారు మంచి సాహిణీలను రానీయకుండా చూసేవారని కూడ అతడే అంటాడు. అయితే మూలం నిజం. గుర్రం పుట్టినది చల్లని గడ్డి మైదానాలలో. ఏడాది పొడుగునా మేత దొరికే విశాలమైన బీళ్లు దానికి కావలెను. మన దగ్గర పచ్చిక నాలుగు నెలలు. తరువాత అంతా ఎండుగడ్డి. ఆవు, మేక దానితో గడుపుకొనగలవు; నాలుగు అరల కడుపుతో నెమరువేసే జంతువు నాసిరకం మేత నుండి కూడ సత్తువ పిండుకొంటుంది. గుర్రం నెమరు వేయదు. అందువలన దానికి ఉలవ గుగ్గిళ్ల వంటి బలమైన దాణా పెట్టవలెను. దానికి తోడు ఇక్కడ త్సేత్సే ఈగ లేకపోయినా, ట్రిపనోసోమ్‌లలోనే మరొక జాతి ఉన్నది. దానిని జోరీగలు మోస్తవి. ‘సుర్రా’ అనే ఆ జబ్బు గుర్రాలను, ఒంటెలను చంపుతుంది. గ్రిఫిత్ ఇవాన్స్ అనే పశువైద్యుడు 1880లో పంజాబు ప్రాంతపు జంతువుల నెత్తురులో ఆ జీవిని చూచినాడు. పశువులలో జబ్బు కలిగించే ట్రిపనోసోమ్‌ను కనుగొనడం అదే మొదలు. బ్రూస్ ఆఫ్రికాలో చేసిన పని దాని తరువాతిదే.

గుర్రాన్ని ఓడ మీద తేవడం కూడ సామాన్యమైన పని కాదు. ఒక్కొక్క గుర్రం రోజుకు సుమారు ముప్పై లీటర్ల నీరు త్రాగుతుంది. ఇరవై గుర్రాలున్న ఓడ మూడు వారాలు ప్రయాణం చేసిందనుకొంటే, గుర్రాలకే పన్నెండు వేల లీటర్లకు పైగా మంచినీరు మోయవలెను. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. దాని అన్నవాహిక కడుపులో కలిసేచోట ఉండే కండరం అంత గట్టిది. కడుపులో చెడినది బయటికి రాదు. శూల పట్టి చస్తుంది. దారిలో చచ్చిన గుర్రాల నష్టం ఎవరు భరించాలి? దీనికి సాళువ నరసింహరాయలు చేసిన ఏర్పాటును నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు వ్రాసినాడు. నరసింహరాయలు వెయ్యి పరదావులకు మూడు గుర్రాల లెక్కన కొనేవాడు. సముద్రం మీద చనిపోయిన గుర్రానికి తోక మాత్రం తెచ్చి చూపితే చాలు, బ్రతికి వచ్చినదానితో సమానంగా వెల ఇచ్చేవాడట. పరదావు అంటే మన వరహాకు పోర్చుగీసువారు పెట్టుకొన్న పేరు. దాని తూకం సుమారు మూడున్నర గ్రాములు. అంటే ఒక్క గుర్రానికి, లేదా ఒక్క తోకకు, కిలోకు పైగా బరువున్న బంగారు నాణేలు.

ఇది పిచ్చితనం కాదు. తుంగభద్రకు ఉత్తరాన ఉన్న బహమనీ సుల్తానుల ఆశ్వికదళం విజయనగరాన్ని మొదటి నుండి వేధించినది. రెండవ దేవరాయలు తన సేనలో ముస్లిం రౌతులను, విలుకాండ్రను చేర్చుకొన్నది కూడ ఆ బాధ వలననే. గుర్రం తన దగ్గరికి రావడం ఎంత ముఖ్యమో, శత్రువు దగ్గరికి పోకుండా ఉండడం అంత ముఖ్యం. ఈ సూక్ష్మాన్ని అఫోన్సో ద అల్బుకెర్క్ బాగా పసిగట్టినాడు. 1510లో అతడు గోవాను బిజాపూరు నుండి గెలుచుకొని, పోగొట్టుకొని, నవంబరు 25న మళ్లీ గెలుచుకొన్నాడు. ఆ ఏడే లూయీ అనే క్రైస్తవ సన్యాసిని కృష్ణదేవరాయల దగ్గరికి రాయబారిగా పంపి, గుర్రాలను బిజాపూరుకు కాక మీకే పంపుతామని ఆశ చూపినాడు. 1515లో హోర్ముజ్ కూడ అతని చేత చిక్కినది. పుట్టిన రేవు, దిగే రేవు రెండూ ఒకరి చేతిలోనే! ఇరవై గుర్రాలు, అంతకు మించి తెచ్చే ఓడలోని ఇతర సరుకులకు గోవాలో సుంకం లేదు; గుర్రాలు గోవా దాటి లోనికి పోయేటప్పుడు మాత్రం సుంకం కట్టాలి. గుర్రం వస్తే చాలు, మిగతావన్నీ దాని వెంట వస్తవని వారికి తెలుసు.

రాయలు ఏటా పదమూడు వేల గుర్రాలు కొనేవాడని నూనిజ్ లెక్క. అమ్మకందారు చెప్పే లెక్క కాబట్టి కొంత తగ్గించి చూచినా తప్పు లేదు. వాటికి డబ్బు ఎట్లా వచ్చేదో చెప్పిన తీరు మాత్రం చాలా విలువైనది. రాయలు మంచి గుర్రాలను తన లాయాలకు తీసుకొని, నాటు గుర్రాలను వెయ్యి పరదావులకు అయిదు చొప్పున తన నాయకులకు అంటగట్టేవాడు. ఆ డబ్బు సెప్టెంబరులో కట్టి తీరాలి. దానితోనే పోర్చుగీసువారికి అరబ్బు గుర్రాల వెల చెల్లించేవాడు. ఈ విధంగా బొక్కసం నుండి ఒక్క కాసు పోకుండా గుర్రాలు వచ్చేవి. నాయకులకు ఆ డబ్బు ఎక్కడిది? వారి అమరపు పల్లెలలోని రైతులది. జొన్న చేను, ఉలవ చేను మీద పడిన పన్ను చివరకు హోర్ముజ్ వర్తకుని మూటలో చేరినది. సెనెగల్‌లో గుర్రానికి వెల మనిషి. ఇక్కడ మనిషిని అమ్మలేదు, మనిషి కష్టాన్ని అమ్మినారు. రెండూ ఒకటి కావు. తేడా చాలా పెద్దది. ఆ తేడాకు కారణం పోర్చుగీసువారి దయ కాదు. ఇక్కడ బంగారం ఉన్నది, దానిని కాపాడుకొనే సేన ఉన్నది.

1520 నాటి రాయచూరు యుద్ధానికి సాకు కూడ గుర్రాల డబ్బే. గోవాలో గుర్రాలు కొనడానికి రాయలు నలభై వేల పరదావులు ఇచ్చి పంపిన వర్తకుడు ఒకడు ఆ సొమ్ముతో బిజాపూరు పక్షానికి పారిపోయినాడు. అతనిని అప్పగించమంటే ఆదిల్ షా అప్పగించలేదు. యుద్ధంలో రాయలు గెలిచినాడు. కోట మాత్రం లొంగలేదు. అప్పుడు క్రిస్తోవావ్ ద ఫిగరేదో అనే పోర్చుగీసు వర్తకుడు, తన వెంట వచ్చిన ఇరవై మంది తుపాకీవాళ్లతో కోటగోడ మీద తల ఎత్తినవారిని కొట్టినాడు. వారి చాటున రాయల సైనికులు గోడ రాళ్లు పెకలించినారు. గుర్రాలు అమ్మడానికి వచ్చినవాడు తుపాకి గుణాన్ని కూడ చూపించి పోయినాడన్నమాట. 1547లో సదాశివరాయల తరఫున గోవాతో జరిగిన ఒడంబడికలో గుర్రాలన్నీ విజయనగరానికే అమ్మాలని ఒక షరతు ఉంటే, ఈ దేశపు పెట్లుప్పు, ఇనుము పోర్చుగీసువారికే అమ్మాలని మరొక షరతు ఉన్నది. పెట్లుప్పు అంటే పొటాషియం నైట్రేటు. అది గంధకం, బొగ్గులతో కలిస్తే తుపాకి మందు. మందు మండడానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఇమిడి ఉన్నది. చవిటి నేలల మన్ను కడిగి తీసే ఆ ఉప్పు తీసుకొని, దానికి బదులుగా ముసలిదై చచ్చిపోయే జంతువును ఇచ్చినారు. ఈ బేరంలో లాభం ఎవరిదో విద్యార్థులే తేల్చుకొనవచ్చును.

ఈ పరిచయంలో బేరం కానిది కూడ ఒకటి ఉన్నది. అది చెరువు పని. నేటి హోస్పేటకు అప్పుడు నాగలాపురమని పేరు. అక్కడ రెండు గుట్టల నడుమ పెద్ద కట్ట వేసి చెరువు నిలపాలని రాయలు తలపెట్టినాడు. గోవా గవర్నరును అడిగి జువావ్ దె లా పోంటే అనే రాతిపనివానిని పిలిపించినాడు. నూనిజ్ చెప్పిన ప్రకారం, రాయలు కోరిన కట్ట ఆ మేస్త్రీకి అసాధ్యంగా తోచినది. అయినా ఒప్పుకొని, సున్నం కాల్పించమని అడిగినాడు. రాయలు నవ్వినాడట. ఈ దేశంలో ఇండ్లకు సున్నం వాడడం తెలియదు కాబట్టి అని నూనిజ్ వ్యాఖ్య. ఇక్కడ నూనిజ్ పొరబడినాడు. విజయనగర గోపురాల ఇటుక, గారపని చూచినవారెవరూ ఆ మాట అనరు. రాయలు నవ్వడానికి వేరే కారణం ఉండి ఉండాలి. మన చెరువు కట్టలు మట్టితో పోసి, నీటివైపు రాతి పరుపు పరచినవి. మట్టికట్ట బరువుకు కొంచెం కొంచెం కుదురుకొంటుంది. రాళ్లు దానితోపాటు సర్దుకొంటవి. సున్నంతో బిగించిన గోడ సర్దుకోదు, పగులుతుంది. పగులులో నుండి నీరు దారి చేసుకొంటుంది.

ఈ విద్య అప్పటికే బాగా పాతది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు వేయించినది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అందులో చెక్కి ఉన్నవి. జలశాస్త్రం తెలిసినవాడు ఉండాలి, గట్టి బంకనేల ఉండాలి, కొండల నడుమ కట్ట పొట్టిగా, రాతితో గట్టిగా ఉండాలి, దగ్గరలో రాతిగని ఉండాలి, ఆరితేరిన పనివారు ఉండాలి. కట్ట నుండి నీరు ఊరడం, చవిటి నేల, నీరు ఎక్కువై నేల చాలకపోవడం, నేల ఎక్కువై నీరు చాలకపోవడం దోషాలు. రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండడం కూడ దోషమే! వేయిమంది పనివారు, నూరు బండ్లు రెండేండ్లు పని చేసినవని కూడ శాసనం చెబుతుంది.

అయినా నాగలాపురం కట్ట మాటిమాటికీ తెగింది. పగలు పోసినది రాత్రికి కూలేదని నూనిజ్ వ్రాసినాడు. ఇటువంటి దానికి కారణాలు కట్టల పని తెలిసినవారికి క్రొత్త కావు. లోయ అడుగున పారే నీటిని పూర్తిగా మళ్లించకుండా పోసిన మట్టి, తడిపి తొక్కించి గట్టిపరచని మట్టి, నీరు పీల్చి బరువెక్కి జారిపోతుంది. రాయల సలహాదారులు వేరే కారణం చెప్పినారు: దేవతకు బలి కావాలని. మరణశిక్ష పడిన ఖైదీలను అక్కడ నరికించినారని నూనిజ్. అరవై మంది మనుషులని, వారితోపాటు గుర్రాలను, దున్నలను కూడ బలి ఇచ్చినారని పేస్. నరబలిని గూర్చి కప్పిపుచ్చవలసిన పని లేదు. శాసనంలో జలశాస్త్రం చెక్కించిన రాజ్యమే కట్ట తెగినప్పుడు కత్తిని వెతుక్కొన్నది. పదిహేను, ఇరవై వేల మంది పనివారు చీమల బారువలె నేల కనబడకుండా కమ్ముకొని పని చేస్తుండగా పేస్ స్వయంగా చూచినాడు. కట్ట నిలిచినది ఆ చీమల బారు వలన. చెరువు కింద భూములను తొమ్మిదేండ్లు పన్ను లేకుండా రైతులకు ఇచ్చినారు. తరువాత వాటి రాబడి ఇరవై వేల పరదావులకు చేరినది. నూనిజ్ చెప్పిన వెల ప్రకారం చూస్తే, ఇన్ని వేల మంది తవ్విన చెరువు ఏడాది రాబడికి అరవై అరబ్బు గుర్రాలు వస్తవి. ‘మేస్త్రీ’ అనే మాటను మనకు ఇచ్చినది పోర్చుగీసు భాషే; ‘మేస్త్రె’ అంటే పనిలో ఆరితేరినవాడు. ఈ సీమ కట్టల మీద పని చేసే ఒడ్డెవారిని ఆ పేరుతో పిలిచినవారు మాత్రం తక్కువ.

1565 జనవరి 23న రక్కసి తంగడి యుద్ధంలో రామరాయలు చనిపోయినాడు. తమ్ముడు తిరుమలరాయలు సదాశివరాయలను, బొక్కసాన్ని వెంటబెట్టుకొని పెనుకొండ చేరినాడు. ఇక్కడి కోట పాతదే. మొదటి బుక్కరాయల కుమారుడు విరుపణ్ణ 1354 ప్రాంతంలో కట్టించినది. తిరుమలరాయలు పాత రాజధానిని మళ్లీ నిలబెట్టాలని చూచి, సాగక, 1567లో పరివారంతో పెనుకొండకే వచ్చినాడు. ఆ ఏడే విజయనగరంలో ఏడు నెలలు ఉన్న వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్, ఇండ్లు ఇంకా నిలబడే ఉన్నవి గాని వాటిలో పులులు, అడవి జంతువులు తప్ప ఎవరూ లేరని జనం చెప్పుకొంటున్నట్లు వ్రాసినాడు.

అతడే మరొక సంగతి వ్రాసినాడు. యుద్ధంలో గుర్రాలన్నీ పోయిన తిరుమలరాయలు గోవా వర్తకులకు కబురు పంపినాడు. గుర్రాలు తెండి, వెల ఇస్తాను. యుద్ధంలో పోయిన నా ముద్ర గుర్రాలు మీ చేతికి వచ్చి ఉంటే వాటిని కూడ తెండి, వాటికీ వెల ఇస్తాను అని. వర్తకులు ఆశతో తోలుకొని వచ్చినారు. రావలసిన గుర్రాలన్నీ వచ్చిన తరువాత రాయలు ఒక్క కాసు ఇయ్యకుండా వారిని పంపివేసినాడు. వారు దిక్కుతోచక, దుఃఖంతో పిచ్చివారివలె తిరిగిపోయినారట. తోకకు కూడ బంగారం పోసిన వంశాల చరిత్ర ఇక్కడికి వచ్చినది. మాట తప్పడం తప్పే. కాని ఇరవై ఏండ్ల క్రితం ఒడంబడిక చేసుకొన్న గోవావారు, యుద్ధంలో విజయనగరానికి ఏ సాయమూ చేయలేదు. రాజు చేతిలో బంగారం లేకపోతే గుర్రం రాదు, గుర్రం లేకపోతే బంగారం తెచ్చే నేల నిలవదు. సెనెగల్‌లో తిరిగిన గానుగే ఇక్కడ వేరే రూపంలో విరిగినది. గోవాకు కూడ దెబ్బ తగిలినది. విజయనగరం పడిపోయిన తరువాత గుర్రాల సుంకం పడిపోయి, గోవా జనుల వైభవం తగ్గినదని పోర్చుగీసు చరిత్రకారుడు కూటో వ్రాసినాడు.

తిరుమలరాయలు 1570 ప్రాంతంలో పెనుకొండలో పట్టం కట్టుకొన్నాడు. తరువాత ఇరవై ఏండ్లలో బిజాపూరు, గోల్కొండ సేనలు ఈ కోట మీదికి వచ్చినవి. 1589 ప్రాంతంలో గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ ముట్టడించినప్పుడు, రెండవ వెంకటపతి రాయలు సంధి మాటలతో మూడు రోజులు గడువు సంపాదించి, ఆ మూడు రోజులలో కోటలోకి తిండిగింజలు, మందుగుండు, తుపాకీవాళ్లను చేర్చుకొన్నాడు. తరువాత తలుపులు మూసుకొన్నాడు. కొండ ఎక్కవలసిన చోట గుర్రపు రౌతులకు పని లేదు. వానకాలం ముంచుకొని వస్తున్నది. నదులు పొంగితే తిరుగుదారి మూసుకుపోతుంది. గోల్కొండ సేన ముట్టడి ఎత్తివేసి వెళ్లిపోయినది. 1592 ప్రాంతంలో వెంకటపతి రాయలు రాజధానిని చంద్రగిరికి మార్చుకొన్నాడు.